గోడ దాటిన గుండు

సీతంపేటలో ఒక ఇంటి పెరటిలో పుట్టిన తగవు మూడు రోజుల్లో బజారుకెక్కి, నాలుగో రోజున పోలీసుల దాకా వెళ్లింది. ఇరుపక్షాల పేర్లు పాఠకులకు అవసరం లేదు. ఒకవైపు అద్దె ఇంట్లో ఉంటూ వారపు సంతలో బట్టలు అమ్ముకునే ముస్లిం కుటుంబం. మరోవైపు వెనుక ఇంటి జాతాపు కుటుంబం. రెండు పెరళ్ల నడుమ ఛాతీ ఎత్తు గోడ ఒక్కటే అడ్డు. ముస్లిం ఇంటి కుర్రవాడికి ఇరవై ఏళ్లు. కోతుల బెడదకని ఒక ఎయిర్‌గన్ కొన్నాడు. కోతులు రాని రోజుల్లో గోడ మీద ఖాళీ సీసాలు నిలబెట్టి గురి నేర్చుకోసాగాడు. ఒక సాయంత్రం గుండు సీసాను తప్పి గోడ దాటింది. అవతలి ఇంటి నీళ్ల డ్రమ్ముకు చిల్లు పడింది. ఆ డ్రమ్ముకు రెండు బారల దూరంలో ఇద్దరు పసిపిల్లలు చింతపిక్కలతో ఆడుకుంటున్నారు.

మర్నాటికి బజారులో మాట మారింది. డ్రమ్ము లేదు, పిల్లలు లేరు, కోతులు అసలే లేవు. "సాయిబు ఇంట్లో తుపాకీ ఉందంట" అన్న ఒక్క వాక్యమే మిగిలింది. ఎవరో ఆ కుర్రవాడు తుపాకీ పట్టుకున్న ఫొటోను ఫోన్లలో తిప్పారు. ఇంటి యజమాని ఇల్లు ఖాళీ చేయమన్నాడు. అప్పుడు తండ్రి మా వద్దకు వచ్చి అడిగిన ప్రశ్న ఇది: "మావాడు చేసింది నేరమా, కాదా? ఒక్క మాటలో చెప్పండి."

ఒక్క మాటలో చెప్పగలిగే విషయం కాదు. మేము చెప్పిన జవాబులో సగం ఆయనకు నచ్చింది, సగం నచ్చలేదు. ఆ రెండు సగాలూ మన కుటుంబాలన్నిటికీ పనికివస్తాయన్న నమ్మకంతో ఇక్కడ రాస్తున్నాము.

ముందుగా నచ్చిన సగం. 1959 నాటి ఆయుధాల చట్టం కింద 2016లో వచ్చిన నియమాల ప్రకారం, గుండు వెలువడే శక్తి 20 జౌళ్లకు మించకుండా, గొట్టం వ్యాసం 4.5 మిల్లీమీటర్లకు, అంటే 0.177 అంగుళానికి, మించకుండా ఉన్న ఎయిర్‌గన్‌కు లైసెన్సు అవసరం లేదు. రెండు షరతులూ ఒకేసారి నెరవేరాలి. ఏ ఒక్కటి మించినా లైసెన్సు లేకుండా దానిని ఉంచుకోవడం నేరమే. ఆ కుర్రవాడి దగ్గర కొనుగోలు బిల్లు ఉంది, కంపెనీ ఇచ్చిన వివరాల పుస్తకం ఉంది. రెండూ చూశాము. తుపాకీ పరిమితిలోనే ఉంది. దానిని ఇంట్లో ఉంచుకోవడం నేరం కాదు, రహస్యం అంతకన్నా కాదు. ఒలింపిక్స్‌లో పది మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీ 1984 నుండి జరుగుతోంది. 2008లో అభినవ్ బింద్రా స్వర్ణం గెలిచినదీ, 2012లో మన హైదరాబాదుకు చెందిన గగన్ నారంగ్ కాంస్యం గెలిచినదీ ఆ పోటీలోనే. అదే జాతి తుపాకీ ఒక ముస్లిం ఇంటి పెరట్లో కనబడగానే మరో అర్థం ఇవ్వడం చట్టం చేసిన పని కాదు, బజారు చేసిన పని. దానిని ఊరుకోరాదు.

ఇక నచ్చని సగం. చట్టం లైసెన్సు అక్కర్లేదన్నది తుపాకీ విషయంలో. గుండు ఎటు పోయినా ఫరవాలేదని ఎక్కడా అనలేదు. అర గ్రాము బరువైన సీసపు గుండు సెకనుకు రెండు వందల మీటర్ల వేగంతో పోయేటప్పుడు దానికి హద్దు గోడ తెలియదు. ఇతరుల ప్రాణానికి, భద్రతకు ప్రమాదం కలిగేలా నిర్లక్ష్యంగా ప్రవర్తిస్తే, ఎవరికీ గాయం కాకపోయినా, భారతీయ న్యాయ సంహిత 125వ సెక్షను వర్తిస్తుంది. మూడు నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. తీవ్రమైన గాయమే అయితే శిక్ష మూడేళ్ల వరకు పోతుంది. 2022 మార్చిలో సంగారెడ్డి జిల్లా జిన్నారం మండలం వావిలాలలో, ఒక ఫామ్‌హౌస్‌లో ఎయిర్‌గన్ గుండు తగిలి నాలుగేళ్ల పాప చనిపోయిందన్న వార్త చాలామందికి గుర్తుండే ఉంటుంది. 'గాలి తుపాకీయే కదా' అనే మాట ఆ తల్లి ఎదుట ఎవరూ అనలేరు.

పక్షుల సంగతీ ఈ సందర్భంలోనే చెప్పాలి. చిలుకను కొట్టినా, నెమలిని కొట్టినా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది వేట. తుపాకీకి లైసెన్సు అక్కర్లేకపోవడం అక్కడ ఏ విధంగానూ కాపాడదు. కోతిని బెదిరించడం వేరు, కోతి ఒంట్లోకి గుండు దింపడం వేరు. గుండుతో తిరిగే కోతి రోజుల తరబడి కుళ్లి చస్తుంది. జంతువుల పట్ల క్రూరత్వాన్ని నిషేధించే 1960 నాటి చట్టం ఉన్నది ఇలాంటి పనులకే.

చట్టం మాట అలా ఉంచితే, మన ధర్మం ఈ విషయంలో మనం అనుకునేదానికన్నా సూటిగా మాట్లాడింది. దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) వేళ్లతో గులకరాళ్లు విసిరే ఆటను నిషేధించారు. దానివల్ల వేట దొరకదు, శత్రువు ఓడడు, ఎవరిదో పన్ను విరుగుతుంది, ఎవరిదో కన్ను పోతుంది అన్నది ఆయన చెప్పిన కారణం. బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలు రెండింటిలోనూ ఇది ఉంది. దీనిని ఉల్లేఖించిన సహాబీ అబ్దుల్లాహ్ బిన్ ముగఫ్ఫల్ (రజి) ఒక వ్యక్తి గులకరాళ్లు విసరడం చూసి ఈ మాట చెప్పారు. అతడు మళ్లీ విసరగా, ఇక నీతో మాట్లాడనని తెగేసి చెప్పారు. గులకరాయి విషయంలోనే అంత పట్టుదల! బాణాలు పట్టుకుని మస్జిదుకో బజారుకో వచ్చేవారు వాటి మొనలను చేత్తో పట్టుకుని రావాలన్న ఆదేశం కూడా హదీసులలో ఉంది. బాణం వేయవద్దనలేదు. విలువిద్యను ప్రవక్త ప్రోత్సహించారు. ప్రాణమున్నదానిని గురిగా నిలబెట్టి కొట్టడాన్ని మాత్రం శపించారు. ఎయిర్‌గన్‌తో కొట్టిన పావురాన్నో కుందేలునో కూర వండుకునే అలవాటు కొన్ని ఇళ్లలో ఉందని విన్నాము. దెబ్బ తగిలి చచ్చినదానిని దివ్య ఖుర్‌ఆన్ అల్ మాయిదా సూరాలో నిషేధించింది. ప్రాణం ఉండగా జబహ్ చేయకపోతే అది హలాల్ కాదని ఉలమాలు అధికంగా చెబుతారు. వేటాడే చట్టపు హక్కే లేనప్పుడు ఈ చర్చ అనవసరమే గాని, ఇళ్లలో అడుగుతున్నారు కనుక రాశాము.

ఇక పొరుగువారి హక్కు గురించి మన జుమా ఖుత్బాలలో వినని వారం ఉండదు. ఎవరి కీడు నుండి పొరుగువాడికి నిశ్చింత లేదో అతని విశ్వాసమే పూర్ణం కాదని విన్న మనం, ఆ పొరుగువాడు జాతాపు అయినా, సవర అయినా, హిందువైనా, క్రైస్తవుడైనా హక్కు మారదన్న మాటను మాత్రం ఎందుకో అంత గట్టిగా వినము.

సీతంపేట విషయంలో ఇంకొక మాట చెప్పక తప్పదు. ఇది ఐదవ షెడ్యూలు ప్రాంతం. 1959 నాటి భూబదలాయింపు నిబంధన, దానిని కట్టుదిట్టం చేసిన 1970 నాటి ఒకటవ నిబంధన, అంటే జనం నోట 'వన్ ఆఫ్ సెవెంటీ', ఇక్కడి భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా కాపాడుతున్నాయి. దానివల్ల మనవారు ఇక్కడ ఇల్లు కొనలేరు, అద్దెకుంటారు. కొందరు దీనిని మన మీద వివక్షగా భావించడం మేము విన్నాము. మేము అలా అనుకోము. మన వక్ఫ్ భూములకు రక్షణ కావాలని అడిగే నోటితో గిరిజనుల భూమికి రక్షణ వద్దని ఎలా అంటాము? ఈ కొండల మనుషులకు తుపాకీ మోత కొత్తదీ కాదు, ఆటా కాదు. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర, గిరిజన సంఘం సభకు వెళుతున్న వారిపై భూస్వాముల మనుషులు కాల్పులు జరపగా కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనులు చనిపోయారు. శ్రీకాకుళ పోరాటం రాజుకున్నది ఆ తరువాతే. అప్పటి నుండి ఎన్నో ఏళ్లు ఈ కొండల్లో తుపాకీ చప్పుడు వినబడితే తలుపులు మూసుకునేవారు. గోడ అవతలి ముసలమ్మ మాతో అన్న మాట ఇది: "కోతికి తగిలితే కోతి సచ్చిపోద్ది. నా మనవడికి తగిలితే నానెవుల్ని అడగాల బాబూ?" ఆమె మతం ఊసెత్తలేదు. బజారు ఎత్తింది.

ఇటువంటి తగవులు మనకే పరిమితం కాదు. ఇంగ్లండులో ఎయిర్‌గన్ గుండు తమ స్థలం హద్దు దాటి, పొరుగువారి అనుమతి లేకుండా వారి స్థలంలో పడితే, దానివల్ల నష్టం జరగకపోయినా, అదే నేరం. స్కాట్లాండులో 2005లో గ్లాస్గో నగరంలో రెండేళ్ల బాలుడు ఎయిర్‌గన్ గుండుకు బలైన తరువాత ఏళ్లపాటు ఆందోళన సాగింది. చివరకు 2015లో చట్టం చేసి, 2016 డిసెంబరు 31 నుండి ప్రతి ఎయిర్‌గన్‌కూ లైసెన్సు తప్పనిసరి చేశారు. మన దేశంలోనే అరుణాచల్ ప్రదేశ్‌లో, వేట తరతరాల అలవాటైన కొండజాతుల నడుమ, 2021 మార్చిలో ఎయిర్‌గన్‌లను స్వచ్ఛందంగా అప్పగించే కార్యక్రమం మొదలైంది. తూర్పు కామెంగ్ జిల్లా లుమ్‌డుంగ్ గ్రామంలో మొదటి రోజే 46 తుపాకులు వచ్చాయి. ఏడాది తిరగకముందే ఆ సంఖ్య వెయ్యి దాటింది. ఎవరి మీదా కేసు పెట్టలేదు, ఎవరినీ దోషి అనలేదు.

మన దగ్గర గుండు హద్దు దాటడాన్ని నేరంగా పేరుపెట్టి చెప్పే సెక్షను లేదు. ప్రమాదం కలిగించడం, ఉపద్రవం కలిగించడం వంటి సాధారణ సెక్షన్ల కిందకే ఇది వస్తుంది. అందువల్ల ఇలాంటి వ్యవహారం ఏ దారి పడుతుందో చాలావరకు ఫిర్యాదు కాగితం మీద ఏమి రాశారన్న దానిపై ఆధారపడుతుంది. ప్రభుత్వ కార్యాలయంలో జీవితమంతా కాగితాల మధ్య గడిపిన అనుభవంతో చెబుతున్నాము: 'డ్రమ్ముకు చిల్లు పడింది, పిల్లలకు ప్రమాదం తప్పింది' అని రాస్తే అది పొరుగు తగవు. 'ఫలానా మతస్థుడు ఆయుధం ఉంచుకున్నాడు' అని రాస్తే అది మరొకటి. మన చేతుల్లో ఉన్నది మొదటి వాక్యం నిజమైనప్పుడు దానిని వెంటనే, ఎవరూ అడగకముందే ఒప్పుకోవడం. ఆ కుటుంబం మొదటి రెండు రోజులూ గుండు తమది కాదని వాదించింది. ఆ రెండు రోజుల్లోనే బజారు తన కథ అల్లుకుంది.

పోలీసులు వస్తే ఏమి చేయాలని అడిగేవారికి: బిల్లు, వివరాల పుస్తకం చూపండి. తుపాకీని తీసుకెళితే, తీసుకున్నట్లు రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. ఏడేళ్ల లోపు శిక్ష పడే ఆరోపణలలో అరెస్టుకు ముందు నాగరిక సురక్ష సంహిత 35(3) కింద నోటీసు ఇచ్చే పద్ధతి ఉంది. ఇంటి ఆడవారిని, అరవై ఏళ్లు దాటిన పెద్దలను సాక్ష్యం కోసం స్టేషనుకు రమ్మనకూడదు, వారి ఇంటికే వచ్చి అడగాలి. ఫొటోకు మతం రంగు పూసి తిప్పినవారిపై విడిగా ఫిర్యాదు ఇవ్వవచ్చు, ఇవ్వాలి కూడా. కాని మీ గుండు గోడ దాటిన సంగతిని ఆ ఫిర్యాదు కింద దాచకండి. ఈ వ్యవహారంలో వచ్చిన అధికారి తుపాకీకి రసీదు ఇచ్చారు, ఇరుపక్షాలనూ కూర్చోబెట్టారు. అన్ని చోట్లా అంత ఓపిక ఉండదని మాకు తెలుసు.

గురి నేర్చుకోవాలనే పిల్లలున్న ఇళ్లకు ఇంకొక్క మాట. గోడ మీద సీసా పెట్టి కొట్టడమంటే పొరుగింటి మీదకు కొట్టడమే. గురి ఎప్పుడూ గోడకన్నా కిందుగా, ఇసుక నింపిన పెట్టె లేదా దళసరి ఇనుప రేకు పెట్టె ముందర ఉండాలి. దాని వెనుక సొంత ఇంటి గోడో, మట్టిగట్టో ఉండాలి, హద్దు గోడ కాదు. కాల్చేవాడికీ గురికీ నడుమ తలుపుగాని దారిగాని ఉండరాదు. గట్టి రాతికి తగిలిన గుండు వెనక్కి తిరిగి వస్తుంది, కనుక కళ్లద్దాలు కావాలి. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల చేతికి పెద్దవారు పక్కన లేకుండా ఇవ్వకండి. ఇంత స్థలం లేని పెరట్లో ఈ ఆట కుదరదు. అగ్గిపెట్టెలంత అద్దె పెరళ్లలో చాలావరకు కుదరదు.

ఆ తండ్రికి ఇదంతా చెప్పాము. మేము ఏకపక్షంగా మాట్లాడటం లేదని నమ్మడానికి ఆయనకు కొంత సమయం పట్టింది. మూడు రోజుల తరువాత కొత్త డ్రమ్ము కొని, కొడుకు నెత్తిన పెట్టించి, వెనుక ఇంటికి తీసుకెళ్లారు. ముసలమ్మ డ్రమ్ము తీసుకుంది గాని, కూర్చోమనలేదు. ఇంటి యజమాని ఖాళీ చేయమన్న మాటను ఇంకా వెనక్కి తీసుకోలేదు. ఈ నెలాఖరుదాకా గడువు ఇచ్చాడు. యజమానితో మాట్లాడటానికి వచ్చే ఆదివారం వెళుతున్నాము. తామూ వస్తామని వెనుక ఇంటివారు నిన్న కబురు చేశారు.