ఇరవైనాలుగు గంటల నొప్పికి ఆముదం వైద్యం కాదు

అపెండిసైటిస్‌కు మన పెద్దలు పెట్టిన పేరు ‘ఇరవైనాలుగు గంటల నొప్పి’. ఆ పేరులోనే హెచ్చరిక ఉన్నది. అయినా దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతాల తల్లిదండ్రుల నోట నేను తరచుగా వినే ప్రశ్న ఒక్కటే: “పిల్లవాడికి కోత లేకుండా నయం చేసే మార్గం లేదా?”

ప్రశ్న న్యాయమైనదే. మార్గమూ ఉన్నది. అమెరికాలోని 10 పిల్లల ఆసుపత్రులలో జరిగి, 2020లో వెలువడిన అధ్యయనంలో 7 నుంచి 17 ఏళ్ల వయసు పిల్లలు 370 మందికి తల్లిదండ్రులు మందుల మార్గాన్నే ఎంచుకున్నారు. ఏడాది గడిచాక వారిలో సుమారు 67 శాతం మందికి ఆపరేషన్ అవసరం రాలేదు. 2025లో ‘లాన్సెట్’ పత్రిక ప్రచురించిన మరో అధ్యయనంలో 936 మంది పిల్లలను పరిశీలించారు. మందులు తీసుకున్నవారిలో 34 శాతం మందికి ఏడాదిలోగా ఆ చికిత్స విఫలమైంది. అనగా ముగ్గురిలో ఇద్దరికి కోత తప్పుతుంది, ఒకరికి తప్పదు.

అయితే ఆ మందులు మన పోపులపెట్టెలోనివి కావు. అవి నరం ద్వారా ఎక్కించే యాంటీబయాటిక్స్. స్కానింగ్‌లో అపెండిక్స్ పగలలేదనీ, చీముగడ్డ లేదనీ, లోపల మలపురాయి అడ్డుపడలేదనీ తేలిన పిల్లలనే 2020 నాటి అధ్యయనంలో ఈ మార్గానికి ఎంపిక చేశారు. పరిస్థితి విషమిస్తే వెంటనే ఆపరేషన్ చేయగల సర్జన్ అందుబాటులో ఉండటం ఈ వైద్యంలో భాగమే.

అజీర్తికి వాము, శొంఠి, ఇంగువ మేలు చేస్తాయనుటలో నాకు సందేహం లేదు. కానీ బొడ్డు చుట్టూ మొదలైన నొప్పి కొన్ని గంటలలో కుడివైపు పొత్తికడుపులోకి దిగి, వాంతి, జ్వరం, ఆకలి లేకపోవడం తోడైతే ఇంటివైద్యం అక్కడితో ఆగాలి. అప్పుడు ఆముదం తాగించి విరేచనం చేయించరాదు. వాచి, చీముతో ఉబ్బిన అపెండిక్స్ ప్రేగుల కదలిక పెరిగితే పగిలే ప్రమాదం ఉన్నది. ఐదేళ్లలోపు పిల్లలలో అది త్వరగా పగులుతుంది.

ఇక్కడ గృహిణులు ముఖ్యంగా గమనించవలసిన మోసం ఒకటున్నది. అపెండిక్స్ పగిలిన వెంటనే లోపలి ఒత్తిడి తగ్గి, నొప్పి కాసేపు ఉపశమిస్తుంది. “ఆముదం పనిచేసింది” అని ఇల్లంతా ఊపిరి పీల్చుకుంటుంది. ఆ సమయంలోనే చీము కడుపంతా వ్యాపిస్తూ ఉంటుంది.

ఆయుర్వేదం కత్తికి విరోధి అనుకోవడం కూడా పొరపాటే. అష్టాంగాలలో శల్యతంత్రం ఒకటి. ఉదరాన్ని కోసి, ప్రేగు చిల్లును నల్లచీమల చేత కరిపించి మూయడం సుశ్రుతుడు వర్ణించినదే. కోయవలసిన వేళ కోయడమే శాస్త్రం.

కనుక నా సూచన ఇది. అనుమానం కలిగిన గంటనే పిల్లవాడికి తిండి, పానీయాలు ఆపి, 108కు ఫోన్ చేయండి, లేదా పిల్లల సర్జన్ ఉన్న ఆసుపత్రికి తీసుకువెళ్లండి. ప్రభుత్వ వైద్యం కోరువారికి రెడ్ హిల్స్‌లో నిలోఫర్ ఉన్నది. అక్కడ వైద్యుని నిస్సంకోచంగా మూడు ప్రశ్నలు అడగండి: అపెండిక్స్ పగిలిందా? మలపురాయి ఉన్నదా? మా బిడ్డకు మందులు సరిపోతాయా? అలా అడగడం తల్లిదండ్రుల హక్కు. ఆ సమాధానం కోసం ఇంట్లో ఎదురుచూడటం మాత్రం బిడ్డ ప్రాణంతో చెలగాటం. పెసరకట్టు, పలుచని జావ వంటి పథ్యాలతో మన వంటిల్లు చేయగల సేవ వైద్యుడు అనుమతించిన తరువాతనే మొదలవుతుంది.