కోచ్ మారినా దారి తప్పకూడదంటే

మన పిల్లల్లో చాలామందికి యూరప్ ఫుట్‌బాల్ ఆటగాళ్ల పేర్లు ఎక్కాల కంటే బాగా వచ్చు. మెస్సీ ఎక్కడ ఆడాడు, సలా ఎన్ని గోల్స్ కొట్టాడు అని అడిగితే ఠక్కున చెబుతారు. కోచ్‌ల పేర్లూ చెబుతారు. ఆ ఆటగాణ్ని వెతికి జట్టులోకి తెచ్చింది ఎవరని అడిగితే మాత్రం తెల్లమొహం వేస్తారు. వాళ్ల తప్పేమీ లేదు, మనలోనూ చాలామందికి తెలియదు. ఆ పని చేసే మనిషిని ఫుట్‌బాల్ డైరెక్టర్ అంటారు. కొన్ని దేశాల్లో స్పోర్టింగ్ డైరెక్టర్ అంటారు. మైదానంలో కనిపించని ఈ ఉద్యోగం గురించి తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు తెలుసుకోవాల్సింది కొంత ఉందని మా అభిప్రాయం.

ఆ ఉద్యోగమేమిటో మన బడి భాషలో చెప్పుకుందాం. పదో తరగతి క్లాస్ టీచర్ ధ్యాసంతా రాబోయే పబ్లిక్ పరీక్షల మీదే ఉంటుంది. ఉండాలి కూడా. కానీ ఈ ఏడాది ఒకటో తరగతిలో ఎంతమంది చేరారు, మూడేళ్లలో రిటైరయ్యే లెక్కల మాస్టారి చోటులోకి ఎవరు వస్తారు అనేవి కూడా ఎవరో ఒకరు చూసుకోవాలి. ఫుట్‌బాల్‌లో కోచ్ ఆ క్లాస్ టీచర్ లాంటివాడు. వచ్చే ఆదివారం మ్యాచ్ గెలవాలి. వరసగా నాలుగు ఓడితే అతని ఉద్యోగమే ఊడుతుంది. అలాంటివాణ్ని పదహారేళ్ల కుర్రాడి భవిష్యత్తు గురించి ఆలోచించమంటే ఎలా? అందుకే ఆ ఆలోచనకు వేరే మనిషిని పెట్టుకుంటారు. ఆటగాళ్లను వెతకడం, కొనడం, అమ్మడం, అకాడమీని చూసుకోవడం, కోచ్‌ను ఎంపిక చేయడంలో ముందుండటం అతని పని. ఒప్పందాల గడువులు గమనించడమూ అతని బాధ్యతే. 1995లో బోస్మన్ కేసులో యూరప్ న్యాయస్థానం ఇచ్చిన తీర్పుతో, గడువు ముగిసిన ఆటగాడు పైసా రుసుము లేకుండా మరో క్లబ్బుకు వెళ్లిపోవచ్చు. తేదీ మరిచిపోతే ఎన్నో కోట్లు చేజారిపోతాయి.

దీనికి స్పెయిన్‌లోని సెవియా క్లబ్బు మంచి ఉదాహరణ. 2000లో ఆ జట్టు రెండో డివిజన్‌కు పడిపోయింది, చేతిలో డబ్బు లేదు. అప్పుడు ఈ బాధ్యతను మోంచీ అని అందరూ పిలిచే రామోన్ రోడ్రిగెజ్‌కు అప్పగించారు. ఆయనేమీ గొప్ప ఆటగాడు కాదు. అదే క్లబ్బులో ఎక్కువ కాలం రిజర్వు గోల్‌కీపర్‌గా బెంచీ మీద కూర్చున్నవాడు. పెద్ద పేర్లను కొనే స్తోమత లేదు కనుక, ఇంకా పేరు రాని కుర్రాళ్ల కోసం ప్రపంచమంతా గాలించే మనుషులను పెట్టుకున్నారు. సొంత అకాడమీ మీద శ్రద్ధ పెట్టారు. ఆ అకాడమీలో పెరిగిన సెర్హియో రామోస్‌ను 19 ఏళ్ల వయసులో, 2005లో, రియల్ మాడ్రిడ్‌కు 2.7 కోట్ల యూరోలకు ఇచ్చారు. బ్రెజిల్‌లోని బయ్యా క్లబ్బు నుంచి తక్కువ ధరకు తెచ్చిన డానీ ఆల్వెస్ 2008లో భారీ మొత్తానికి బార్సిలోనాకు వెళ్లాడు. వచ్చిన డబ్బుతో మళ్లీ కొత్త కుర్రాళ్లు వచ్చేవారు.

1948 తర్వాత పెద్ద ట్రోఫీ ఎరుగని సెవియా 2006లో యూఈఎఫ్‌ఏ కప్పు గెలిచింది. తర్వాత 2007, 2014, 2015, 2016, 2020, 2023లలోనూ గెలిచింది. మధ్యలో ఆ పోటీ పేరు యూరోపా లీగ్‌గా మారింది. ఏడు కప్పులకు కోచ్‌లు నలుగురు, డైరెక్టర్ ఒక్కరే. కోచ్‌లు వచ్చారు, పోయారు. ఏ వయసు వాణ్ని తేవాలి, ఎప్పుడు వదులుకోవాలి అన్న పద్ధతి మాత్రం నిలబడింది.

అయితే కోచ్ మాటకు విలువ ఏం మిగిలింది, ఒక ఒరలో రెండు కత్తులు ఇముడుతాయా అని అడగవచ్చు. ఇంగ్లండ్‌లో చాలాకాలం అలాగే అనుకున్నారు. మాంచెస్టర్ యునైటెడ్‌లో అలెక్స్ ఫెర్గుసన్ 1986 నుంచి 2013 దాకా అన్నీ తానై నడిపి 13 లీగ్ టైటిళ్లు తెచ్చారు. ఆయన వెళ్లిపోయాక కోచ్‌లు ఒకరి తర్వాత ఒకరు వచ్చారు, ఒక్కొక్కరు తమకు నచ్చినవారిని కొనుక్కున్నారు. 2021లో గానీ ఆ క్లబ్బు ఫుట్‌బాల్ డైరెక్టర్ అన్న పదవినే ఏర్పాటు చేయలేదు.

లివర్‌పూల్‌లో మరో రకంగా జరిగింది. 2017లో అక్కడ డైరెక్టర్ మైకేల్ ఎడ్వర్డ్స్. కుర్రతనంలో ఒక క్లబ్బు వదిలేస్తే చదువుకుని, కొంతకాలం బడిలో కంప్యూటర్ పాఠాలు చెప్పి, మ్యాచ్‌ల విశ్లేషకుడిగా ఈ రంగంలోకి వచ్చినవారు. సలాను తీసుకుందామని ఆయన బృందం కోచ్ క్లోప్ చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. ఆ సంగతి క్లోప్ తర్వాత స్వయంగా చెప్పారు. ఆ సీజన్‌లోనే సలా లీగ్‌లో 32 గోల్స్ కొట్టాడు. కోచ్‌కు ఎదురు చెప్పగల మనిషి ఉండటం, ఆ మాట వినే కోచ్ ఉండటం రెండూ అవసరమేనని ఇది చెబుతోంది.

ఇక్కడ ఇంకో సంగతి ఉంది. ఆ సలాను లివర్‌పూల్‌కు అమ్మింది రోమా క్లబ్బు. అప్పుడే అక్కడ డైరెక్టర్‌గా చేరిన మనిషి మరెవరో కాదు, మోంచీయే. మరుసటి ఏడాది ఛాంపియన్స్ లీగ్ సెమీఫైనల్ తొలి మ్యాచ్‌లో అదే సలా రోమా మీద రెండు గోల్స్ కొట్టాడు. రోమాలో మోంచీ రెండేళ్లు కూడా నిలవలేదు. 2019లో తిరిగి సెవియాకే వచ్చారు. 2023లో ఆయన మళ్లీ వెళ్లిపోయాక సెవియా పట్టికలో కింది వరసలకు జారింది. అంటే ఆ మనిషి చేతిలో మంత్రదండమేమీ లేదు. ఏళ్ల తరబడి ఒకచోట కూడబెట్టిన అనుభవం ఒకే వ్యక్తిలో ఉండిపోతే, ఆ వ్యక్తితోపాటే గడప దాటుతుంది.

ఈ మాట హైదరాబాద్‌కు బాగా తెలిసి ఉండాలి. సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. 1951లో, 1962లో ఆసియా క్రీడల స్వర్ణాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం భారత జట్టుకు దక్కింది ఆయన శిక్షణలోనే. అంతకన్నా తక్కువగా తెలిసిన విషయం, ఆయన 1943 నుంచి కన్నుమూసే దాకా హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శిగా ఉన్నారు. పిల్లలకు పోటీలు పెట్టారు. డ్రిబ్లింగ్ చేయకూడదని, వాలు లేని కాలితోనే తన్నాలని షరతులు పెట్టి ఆట నేర్పారు. సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరాం లాంటివారిని గుర్తించి పైకి తెచ్చారు. పేరు లేకపోయినా ఆయన చేసింది ఫుట్‌బాల్ డైరెక్టర్ పనే. 1963లో ఆయన పోయారు. ఆసియా క్రీడల్లో మన ఫుట్‌బాల్ జట్టుకు స్వర్ణం మళ్లీ రాలేదు. అందుకు కారణాలు చాలా ఉన్నాయి. ఆయన చేసిన పనిని ఒక పదవిగా నిలబెట్టి మరొకరికి అప్పగించకపోవడం అందులో ఒకటని మేం నమ్ముతున్నాం.

ఇదంతా మనకెందుకు? బెంగళూరు, చెన్నై, ముంబయి, భువనేశ్వర్ లాంటి నగరాల్లో ప్రొఫెషనల్ క్లబ్బులున్నాయి, వీధికో ఫుట్‌బాల్ అకాడమీ వెలుస్తోంది. పిల్లవాణ్ని చేర్పించే ముందు కోచ్ ఎవరని అడిగి ఊరుకుంటున్నాం. ఆ కోచ్ వచ్చే ఏడాది ఉంటాడో లేదో ఎవరికీ తెలియదు. అడగాల్సినవి వేరే ఉన్నాయి. కోచ్ మారితే మా వాడి సంగతి చూసేదెవరు? వాడి ఆట, గాయాలు, ఎదుగుదల రాసిపెట్టే పుస్తకం ఒకటి ఉందా? పదహారేళ్లకు వద్దనుకుంటే ఆ మాట చెప్పేదెవరు, అప్పటిదాకా చదువు సాగేలా వేళలు ఉన్నాయా? విదేశీ క్లబ్బులో ఆడిస్తామని డబ్బు అడిగేవారు ఎదురైతే ఒకటి గుర్తుంచుకోవాలి. ఫిఫా నిబంధనల ప్రకారం కొద్దిపాటి మినహాయింపులు తప్పితే 18 ఏళ్లు నిండని ఆటగాడిని మరో దేశం క్లబ్బుకు బదిలీ చేయడం కుదరదు.

ఉపాధ్యాయులకూ ఒక మనవి. జట్టులో చోటు దక్కని పిల్లల్లో ఎవరో ఒకరు ప్రతి మ్యాచ్ లెక్కలూ నోటుపుస్తకంలో రాసుకుంటూ ఉంటారు. బెంచీ మీద కూర్చున్న గోల్‌కీపర్, క్లబ్బు వదిలేసిన కుర్రాడు ఈ ఉద్యోగంలో ఎంత దూరం వెళ్లారో చూశాం. ఆ నోటుపుస్తకాన్ని లాక్కుని బీరువాలో పెట్టే ముందు ఒకసారి తెరిచి చదవండి.