చేతిరాత లేని చిట్టా

మన అంగళ్ళలో ఇప్పుడు చిట్టా, ఆవర్జా కనబడడం లేదు. చీరల కొట్టయినా, మందుల షాపయినా లెక్కలు కంప్యూటర్లోనే. సంతోషమే. కాని పాత చిట్టాలో ఒక సుగుణం ఉండేది. ఏ పద్దు ఎవరు రాశారో చేతిరాతే చెప్పేది. కంప్యూటర్లో అందరి అక్షరాలూ ఒక్కటే. అక్కడ మనిషి చేతిరాత అంటే అతని యూజర్ పేరే.

బరంపురంలో మనవాళ్ళ బట్టల కొట్టు ఒకటి నాకు బాగా తెలుసు. యజమాని, కొడుకు, గుమాస్తాగా ఉన్న మేనల్లుడు, ముగ్గురికీ ఒకటే పేరు, ఒకటే పాస్‌వర్డు. ఒక ఏడు లెక్కలు ముగించేటప్పుడు చూస్తే నాలుగు పాత బిల్లుల మొత్తాలు మారి ఉన్నాయి. పైకి ఎవరూ ఏమీ అనలేదు గాని, చూపులన్నీ మేనల్లుడి మీదికే పోయాయి. "నేను ముట్టుకోలేదు మామయ్యా" అన్నాడు. నిరూపించుకునే దారి అతనికి లేదు, కాదనే ఆధారం వాళ్ళకూ లేదు. రెండు నెలలకు పని మానుకున్నాడు. ఆ రెండిళ్ళ మధ్య రాకపోకలు ఇప్పటికీ అంతంత మాత్రమే.

"అయినవాళ్ళ మధ్య ఇవన్నీ ఎందుకండీ?" అని చాలామంది నన్నడుగుతారు. అయినవాళ్ళు కాబట్టే కావాలి. వేరువేరు పేర్లు పెట్టేది నమ్మకం లేక కాదు, నమ్మకం నిలవడానికి.

టాలీప్రైమ్‌లో ఈ ఏర్పాటు ఉంది. అడ్మినిస్ట్రేటర్ పేరు యజమాని దగ్గరే ఉండాలి. బిల్లులు కొట్టేవారికి డేటా ఎంట్రీ హక్కు చాలు. పాత తేదీలతో ఎన్ని రోజుల వెనక్కి రాయవచ్చో కూడా హద్దు పెట్టవచ్చు. ఎడిట్ లాగ్ ఉంటే ఏ పద్దు ఎవరు, ఎప్పుడు మార్చారో తెలుస్తుంది. మనిషి పని మానిన రోజే అతని పేరు మూసెయ్యండి. ఆ పేరును కొత్తగా వచ్చినవారికి అప్పగించకండి.

కంపెనీగా నమోదైనవారికి 2023 ఏప్రిల్ 1 నుంచి ఇది చట్టం కూడా. మార్పులన్నీ తేదీతో నమోదు చేసే సాఫ్ట్‌వేరునే వాడాలి, ఆ నమోదును ఆపే వీలుండకూడదు. సొంత కొట్లకు ఈ నిబంధన లేదు, అవసరం మాత్రం ఉంది. ఇక ఈ-వే బిల్లుల పోర్టల్లో 2025 ఏప్రిల్ 1 నుంచి అందరికీ పాస్‌వర్డుతోపాటు ఓటీపీ తప్పనిసరి అయింది. ఆ ఓటీపీ కోసం యజమాని ఫోను గుమాస్తా చేతిలో పెట్టనక్కరలేదు. అతని సొంత నంబరుతో సబ్-యూజర్‌గా చేర్చండి.

చివరగా ఒక హెచ్చరిక. టాలీవాల్ట్ పాస్‌వర్డు మరిచిపోతే ఆ లెక్కలు మళ్ళీ తెరుచుకోవు. కాగితం మీద రాసి, కవరులో అంటించి, ఇంటి బీరువాలో పెట్టండి. అది ఎక్కడుందో ఇంటావిడకు చెప్పి ఉంచండి. క్యాలెండరు మీద మాత్రం రాయకండి.