ఫోను లాక్కోవడం జాగ్రత్త కాదు

పోయిన ఏడాది వానాకాలంలో ఒక తల్లి మా సలహా కేంద్రానికి వచ్చింది. కూతురికి ఐదో నెల. రెండు నెలలుగా ఆ పిల్ల గొంతు వినలేదు. అల్లుడికి ఫోను చేస్తే, "ఫోను రేడియేషను కడుపులో బిడ్డకు మంచిది కాదు, అందుకే తనకి ఇవ్వడం లేదు" అంటున్నాడు. ఆమె మమ్మల్ని అడిగింది ఒకటే: "నిజమేనా అక్కా? నిజమే అయితే నేను మధ్యలో దూరడం తప్పు కదా?"

ఇరవై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నాను. భరణం గురించి, ఆస్తి హక్కు గురించి, స్టేషనులో ఫిర్యాదు తీసుకోకపోతే ఏం చెయ్యాలనే దాని గురించి నిద్రలో లేపి అడిగినా చెప్తాను. ఆ ప్రశ్నకు మాత్రం నోరు పెగల్లేదు. ఎక్కడో పేపర్లో చదివిన ముక్కలు, వాట్సాప్‌లో ఎవరో పంపిన భయాలు తప్ప నాకూ ఏమీ తెలియదు.

రెండు రోజుల తర్వాత ఆ ఇంటికి వెళ్లాం. అమ్మాయి ఫోను అత్తగారి బీరువాలో ఉంది. ఆ అమ్మాయి పడుకునే మంచం పక్కనే భర్త ఫోను ఛార్జింగులో ఉంది. రాత్రి పదకొండు దాకా ఆ మంచం మీదే పడుకుని ఆయన వీడియోలు చూస్తాడట. ఆ ఫోను రేడియేషను బిడ్డకు తగలదు కాబోలు! అత్తగారు కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్లినప్పుడు అమ్మాయి మెల్లగా చెప్పింది, ఆయన చెయ్యి చేసుకున్న మర్నాడే ఫోను బీరువాలోకి పోయిందని.

ఆ రోజు నుంచి ఈ విషయం తెలుసుకోవడం మొదలుపెట్టాను. తెలుసుకున్నది మీతో పంచుకోవాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. తెలియని చోట భయం ఉంటుంది. భయం ఉన్న చోట దాన్ని వాడుకునేవాడూ ఉంటాడు. ఇది మనకు కొత్త కాదు. ముట్టు గురించి, కాన్పు గురించి, కుటుంబ నియంత్రణ ఆపరేషను గురించి ఇన్నేళ్లుగా మనం చెప్తూ వచ్చింది ఇదే కదా!

ముందు అసలు విషయం. ఫోను పనిచేసేది రేడియో తరంగాలతో. ఎక్స్‌రేలోనూ ఫోనులోనూ ఉండేదాన్ని "రేడియేషను" అనే ఒకే మాటతో పిలవడం వల్ల చాలా గందరగోళం వచ్చింది. ఎక్స్‌రే కిరణాలకు మన శరీర కణాలలోని అణువులను విడగొట్టేంత శక్తి ఉంటుంది. అందుకే గర్భిణులకు అత్యవసరమైతే తప్ప ఎక్స్‌రే తియ్యరు. రేడియో తరంగాలకు అంత శక్తి లేదు. అవి శరీరంలో కలిగిస్తాయని ఖాయంగా తెలిసిన పని ఒకటే, తగిలిన చోట కొద్దిగా వేడి పుట్టించడం. ప్రభుత్వాలు పెట్టే పరిమితులు చాలా వరకు ఆ వేడిని లెక్కగట్టి పెట్టినవే.

మరి క్యాన్సర్ సంగతి? 2011 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ రేడియో తరంగాలను "క్యాన్సర్ కలిగించే అవకాశం ఉండవచ్చు" అనే జాబితాలో చేర్చింది. వాట్సాప్‌లో తిరిగే భయాలకు చాలా వరకు మూలం ఇదే. రుజువైంది అని దాని అర్థం కాదు. అనుమానం పూర్తిగా తీరలేదు, ఇంకా చూడాలి అని అర్థం. అదే జాబితాలో ఆసియా దేశాల్లో సంప్రదాయంగా నిలవపెట్టే కూరగాయల పచ్చళ్లు కూడా ఉన్నాయి. పచ్చడి జాడీని మాత్రం ఎవరూ కోడలికి అందకుండా బీరువాలో పెట్టి తాళం వెయ్యరు!

ఆ తర్వాత చాలా పరిశోధనలు వచ్చాయి. వాటిలో ఒకటి మనం ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. బ్రిటన్‌లో 7 లక్షల 76 వేల మంది స్త్రీలను ఏళ్ల తరబడి గమనించి 2022లో ఫలితాలు ప్రకటించారు. ఫోను వాడిన స్త్రీలలో మెదడు కణితులు ఎక్కువగా కనబడలేదు. అయితే ఆ స్త్రీలలో గంటలకొద్దీ మాట్లాడేవాళ్లు తక్కువ. ఆ సంగతి పరిశోధకులే చెప్పారు. 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కోరిక మీద ఇలాంటి అధ్యయనాలన్నిటినీ కలిపి పరిశీలించినప్పుడు కూడా ఫోనుకూ మెదడు క్యాన్సర్‌కూ సంబంధం కనబడలేదు. గర్భిణుల విషయానికి వస్తే, తల్లి ఫోను వాడటం వల్ల గర్భస్రావం అవుతుందనీ, నెలలు నిండకుండా కాన్పు అవుతుందనీ రుజువు కాలేదు. ఆ విషయంలో జరిగిన పరిశోధనలు ఇంకా బలహీనంగానే ఉన్నాయని కూడా శాస్త్రజ్ఞులు చెప్తున్నారు. కాబట్టి తేలికగా పాటించగల జాగ్రత్తలు పాటిద్దాం. భయపడి వణికిపోవాల్సిన పని మాత్రం లేదు.

ఇక్కడ ఒక చిత్రం చూడండి. అనుమానం కాస్త గట్టిగా కనబడిన కొన్ని చోట్ల అది మగ జంతువుల మీద కనబడింది. అమెరికా ప్రభుత్వ సంస్థ ఒకటి ఎలుకలను రోజుకు తొమ్మిది గంటల చొప్పున రెండేళ్లు ఈ తరంగాలలో ఉంచి 2018లో నివేదిక ఇచ్చింది. మగ ఎలుకల గుండెలో కణితులు కనబడ్డాయి, ఆడ ఎలుకల్లో అంత స్పష్టంగా ఏమీ కనబడలేదు. 2024 నాటి మరో సమీక్షలో, ఈ తరంగాలు సోకిన మగ జంతువుల సంతాన సామర్థ్యం తగ్గినట్టు తేలింది. ఇవన్నీ జంతువుల మీద, ఎక్కువగా పెద్ద మోతాదులతో చేసిన ప్రయోగాలు. మనుషుల్లో రుజువు కాలేదు, అవునని నేనూ అనను. కానీ ఈ వార్త విని ప్యాంటు జేబులోంచి కొడుకు ఫోను తీసి బీరువాలో పెట్టిన తల్లి ఎక్కడైనా ఉందా? పరిశోధన ఏం చెప్పినా జాగ్రత్తలన్నీ ఆడపిల్ల దగ్గరికే వచ్చి ఆగుతాయి.

ఇది ఒక్క ఇంటి సంగతి కాదు. గుజరాత్‌లో మెహసానా జిల్లా సూరజ్ గ్రామంలో 2016లో పెళ్లికాని ఆడపిల్లలు ఫోను వాడకూడదని పెద్దలు కట్టుబాటు పెట్టారు. 2019లో అదే రాష్ట్రంలో బనాస్‌కాంఠా జిల్లాలో ఒక కులం పెద్దలు పన్నెండు గ్రామాల్లో అదే పని చేశారు. వాళ్లు చెప్పిన కారణాలు చదువు పాడవడం, పరువు పోవడం. మన దగ్గర కొన్ని ఇళ్లలో ఆరోగ్యం కారణంగా చెప్తారు, అంతే తేడా. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో తాము సొంతంగా వాడుకునే ఫోను ఉన్నవాళ్లు దేశంలో 54 శాతమే. తెలంగాణలో 60 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 49 శాతం. మిగిలిన వాళ్లందరికీ 181కి ఫోను చెయ్యాలంటే ఎవరినో అడగాలి. తరచుగా, ఎవరి మీద ఫిర్యాదు చెయ్యాలో వాళ్లనే అడగాలి.

అందుకని రేడియేషను గురించి మాట్లాడనే వద్దా? అలా అనడం కూడా పొరపాటే. మా బస్తీలో ఇళ్లలో పని చేసుకునే స్త్రీలతో కూర్చున్నప్పుడు, "మీరు ఫోను ఎక్కడ పెట్టుకుంటారు?" అని అడిగాను. అందరూ నవ్వి జాకెట్టు వైపు చూపించారు. చీరకు జేబు లేదు. పనికెళ్లే ఇంట్లో సంచీ గుమ్మం దగ్గర వదలాలి. ఫోను పోతే మళ్లీ కొనుక్కోలేరు. ఇంకెక్కడ పెట్టుకుంటారు? నాలుగైదు గంటలు చెమటలో, గుండెకు ఆనుకుని ఉంటుంది.

ఫోనుతో పాటు పెట్టెలో వచ్చే చిన్న పుస్తకం చదివితే ఒక సంగతి బయటపడుతుంది. శరీరం దగ్గర పెట్టి ఫోనును పరీక్షించేటప్పుడు ఒంటికి ఆనించి పరీక్షించరు. అర సెంటీమీటరు నుంచి ఒకటిన్నర సెంటీమీటరు దూరంలో పెట్టి కొలుస్తారు. తల దగ్గర పరీక్షకు వాడే బొమ్మ తల ఉంది చూశారూ, అది 1980ల చివర అమెరికా సైన్యంలోని మగవాళ్ల కొలతలను బట్టి చేసిన పెద్ద తల. తల పెద్దదైతే కొలత ఎక్కువ చూపిస్తుంది, కాబట్టి అందరికీ రక్షణే అని ఇంజనీర్లు అంటారు. పిల్లల విషయంలో అది సరికాదని వాదించే శాస్త్రజ్ఞులూ ఉన్నారు. ఎవరి మాట నిజమైనా, జాకెట్టులో ఫోను పెట్టుకునే మనిషిని ఈ లెక్కలు వేసినవాళ్లు ఊహించలేదని మాత్రం తెలుస్తోంది.

ఆ కొలతకు ఒక పేరుంది, "సార్". ఒక కిలో శరీర భాగం ఎన్ని వాట్ల శక్తిని పీల్చుకుంటుందో చెప్పే లెక్క. ఈ పేరు చెప్పగానే బస్తీలో ఒకావిడ "ఇక్కడా సారేనా!" అంది. అందరం పడీ పడీ నవ్వాం. 2012 సెప్టెంబర్‌లో మన ప్రభుత్వం దీనికి కిలోకు 1.6 వాట్లు మించకూడదని పరిమితి పెట్టింది. చాలా ఫోన్లలో స్టార్, హ్యాష్, సున్నా, ఏడు, హ్యాష్ నొక్కితే ఆ అంకె తెర మీద కనబడుతుంది. అక్కడే కూర్చుని అందరం నొక్కి చూసుకున్నాం. అయితే ఆ అంకె ఫోను పూర్తి బలంతో పనిచేసినప్పటిది. రోజువారీగా మనకు ఎంత తగులుతుందన్నది మనం వాడే తీరు మీద ఉంటుంది.

ఆ తీరు మన చేతిలోనే ఉంది. దూరం పెరిగే కొద్దీ తరంగాల బలం చాలా వేగంగా తగ్గిపోతుంది. కాబట్టి ఎక్కువసేపు మాట్లాడాల్సి వస్తే స్పీకరు పెట్టండి, లేదా తీగ ఉన్న ఇయర్‌ఫోను వాడండి. సిగ్నలు ఒక్క గీతే ఉన్నప్పుడు టవరును అందుకోవడానికి ఫోను ఎన్నో రెట్లు ఎక్కువ బలం వాడుతుంది. తొందర లేకపోతే సిగ్నలు ఉన్న చోటికి వచ్చాక మాట్లాడండి. జాకెట్టుకు బదులు నడుముకు కట్టుకునే చిన్న గుడ్డ సంచీ కుట్టుకోండి. మా బస్తీలో పాత చీర ముక్కలతో ఒక్క మధ్యాహ్నంలో ఇరవై సంచులు కుట్టాం. రాత్రి ఫోను దిండు కింద పెట్టకండి. ఛార్జింగులో ఉండగా మాట్లాడకండి. ఈ రెండూ తరంగాల కంటే బ్యాటరీ వేడెక్కి కాలిపోయే ప్రమాదం వల్ల చెప్తున్నవి. రేడియేషను ఆపుతాయని అమ్మే స్టిక్కర్లు, చిప్పులు కొనకండి. 2020 అక్టోబరులో రాష్ట్రీయ కామధేను ఆయోగ్ అధ్యక్షుడు ఆవు పేడతో చేసిన చిప్పు చూపించి అది రేడియేషను తగ్గిస్తుందన్నారు. వందలమంది శాస్త్రజ్ఞులు రుజువేదని అడిగారు. ఇలాంటివి సిగ్నలుకు అడ్డం పడితే ఫోను ఇంకా ఎక్కువ బలంతో పనిచేస్తుంది.

ఇవి మనం చేసుకోగలిగినవి. చేయించుకోవాల్సినవీ ఉన్నాయి. టవరు విషయమే తీసుకోండి. చెవికి ఆనించిన ఫోను నుంచి తలకు చేరేది వీధి చివరి టవరు నుంచి చేరే దానికంటే మామూలుగా చాలా ఎక్కువ. ఈ మాట బస్తీలో చెప్తే మొదట ఎవరూ నమ్మలేదు. నమ్మకపోవడం వాళ్ల తప్పు కాదు. టవరు పెట్టేటప్పుడు అద్దె తీసుకునే ఇంటివాడితో తప్ప ఎవరితోనూ ఎవరూ మాట్లాడలేదు. 2017లో కేంద్ర టెలికాం శాఖ తరంగ్ సంచార్ అనే పోర్టల్ పెట్టి, మన ఇంటి దగ్గర టవరు తరంగాలను కొలిపించుకోవచ్చంది. దానికి పెట్టిన రుసుము 4,000 రూపాయలు. పాచిపని చేసుకునే మనిషి తన ఇంట్లో గాలి గురించి తెలుసుకోవడానికి ఒక ఇంటి జీతం మొత్తం కట్టాలన్నమాట! ఈ కొలత ఉచితంగా జరగాలి, ఫలితం తెలుగులో బస్తీ గోడ మీద కనబడాలి.

అలాగే 2021 మార్చిలో పోషణ్ ట్రాకర్ వచ్చాక అంగన్‌వాడీ కార్యకర్తలకు ఫోను పనిముట్టు అయిపోయింది. ఏజెన్సీ గ్రామాల్లో సిగ్నలు కోసం గుట్టెక్కి నిలబడే కార్యకర్తకు మంచి ఫోను ఇవ్వడం, అది భద్రంగా ఎలా వాడాలో నేర్పడం పని చేయించుకునేవాళ్ల బాధ్యత. ఆమె సొంత జాగ్రత్తకు వదిలేసే విషయం కాదు.

మనవైపు నుంచి కూడా ఒక మార్పు రావాలి. మన కేంద్రాలకు వచ్చే స్త్రీని కొట్టాడా, తిట్టాడా, డబ్బు లాక్కున్నాడా అని అడుగుతాం. "నీ ఫోను ఎవరి దగ్గర ఉంది?" అని కూడా అడగాలి. ఇంట్లో ఆమెకు హక్కున్న వనరులూ సౌకర్యాలూ అందకుండా చెయ్యడాన్ని 2005 గృహహింస చట్టం ఆర్థిక హింస కింద లెక్కిస్తుంది. ఫోను లాక్కోవడం కూడా అందులోకే వస్తుందని మనం వాదించాలి.

ఆ అమ్మాయి ఇంటికి రెండోసారి వెళ్లినప్పుడు ఈ విషయాలన్నీ అత్తగారికి చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విని, "అయితే అబ్బాయి ఫోను కూడా మంచం దగ్గర ఉండకూడదా?" అని అడిగింది. ఉండకపోతే మంచిదే అన్నాను. కాసేపు ఊరుకుని, లేచి బీరువా తాళం తీసింది. ఇంటి గుట్టు అంతటితో తీరిపోయిందని చెప్పను. చెయ్యి చేసుకున్న సంగతి మీద మా పని ఇంకా నడుస్తూనే ఉంది. కానీ ఆ సాయంత్రం ఆ అమ్మాయి స్పీకరు పెట్టి, ఫోను ఒళ్లో కాకుండా కిటికీలో పెట్టి, తల్లితో అరగంట మాట్లాడింది. జాగ్రత్త అంటే అదీ.