బడిని ఇంటికి మోసుకురాకండి

పిల్లల్ని బడికి పంపకుండా ఇంట్లోనే చదివించే తల్లిదండ్రులు ఈమధ్య మన నగరాల్లో అక్కడక్కడా కనిపిస్తున్నారు. నేనూ వాళ్లలో ఒకదాన్ని. మా పెద్దమ్మాయిది ఐదో తరగతి ఈడు, చిన్నవాడిది రెండో తరగతి ఈడు. మాలాంటి తల్లులం నలుగురం కలిస్తే ముందుగా వచ్చే మాట అలసట. పొద్దున లేచింది మొదలు టిఫిను, పాఠం, మధ్యలో కాలింగ్ బెల్లు, వంట, మళ్లీ పాఠం, గిన్నెలు. సాయంత్రానికి నడుం వాల్చితే చాలనిపిస్తుంది. ఆ అలసటలో సగానికి పైగా మనం కొని తెచ్చుకుంటున్నదేనని నా అభిప్రాయం.

బడి వద్దనుకున్నవాళ్లే ఆ బడిని తెచ్చి హాల్లో పెడుతున్నారు. గోడకు టైమ్‌టేబుల్, తొమ్మిదింటికి లెక్కలు, ఆ తర్వాత ఇంగ్లిషు, సైన్సు, సోషలు, రాత్రికి హోంవర్కు. బడిలో అన్నేసి గంటలు ఎందుకు పడతాయో ఒక్కసారి ఆలోచించండి. నలభైమందికి హాజరు వేయాలి, నోట్సులు దిద్దాలి, అల్లరి ఆపాలి, వెనకబడినవాళ్ల కోసం ఆగాలి. ఎదురుగా ఉన్నది ఒకరో ఇద్దరో అయితే ఆ పాఠమే ఇరవై నిమిషాల్లో తేలిపోతుంది. ఐదో తరగతి లోపు పిల్లలు పొద్దునపూట రెండు గంటలు కుదురుగా చదివితే ఆ రోజుకు చాలు. మిగతా పుస్తకాలు మూసేయండి. ఏం పోదు.

ఇద్దరు పిల్లలున్న ఇంట్లో ఇంకో బాధ. ఇద్దరికీ వేర్వేరు పాఠాలు చెబుతూ తల్లి రెండు తరగతుల మధ్య పరుగెడుతుంటుంది. ఈ చిక్కుముడిని మన పక్కనే ఎప్పుడో విప్పారు. మదనపల్లె దగ్గరి రిషీవ్యాలీలో పనిచేసిన డేవిడ్ హార్స్‌బరో 1972లో కర్ణాటకలోని కోలారు జిల్లా రాయల్పాడులో నీల్‌బాగ్ అనే చిన్న బడి పెట్టారు. అక్కడ వయసు వారీ తరగతుల్లేవు, పరీక్షల్లేవు. రకరకాల ఈడు పిల్లలు ఒకేచోట కూర్చుని ఎవరి పని వాళ్లు చేసుకునేవాళ్లు. ఆ తర్వాత రిషీవ్యాలీ చుట్టుపక్కల పల్లె బడుల కోసం పద్మనాభరావు, రమ దంపతులు కార్డుల పద్ధతిని రూపొందించారు. ఒక కార్డు పూర్తిచేసిన పిల్ల తనంతట తానే తర్వాతి మెట్టు ఎక్కుతుంది. ఎక్కడ ఆగిపోతే అక్కడికి టీచరు వస్తారు. ఒక్క టీచరుతో అన్ని తరగతులూ నడుస్తాయి. ఒక్క తల్లితో ఇద్దరు పిల్లల చదువు నడవదా? మా ఇంట్లో ఇద్దరికీ కలిపి ఒకే కథ చదువుతాను. పెద్దది దాని గురించి నాలుగు వాక్యాలు రాస్తుంది, చిన్నవాడు బొమ్మ వేసి కింద పేర్లు రాస్తాడు. వాడి ఎక్కాలు ఒప్పజెప్పించుకునేది అక్కే.

ఇక ఇంటిపని. పిల్లల చదువు అయ్యాక చేసుకోవాల్సిన పనిగా దాన్ని చూసినంతకాలం రోజు సరిపోదు. కొత్త గ్యాస్ సిలిండర్ బిగించిన రోజు మా పెద్దది వంటగది తలుపు వెనక సుద్దముక్కతో తారీఖు రాస్తుంది. 14.2 కిలోలంటే 14,200 గ్రాములు, 40 రోజులొస్తే రోజుకు 355 గ్రాములు. సెలవుల్లో చుట్టాలొచ్చి వెళ్లాక ఆ లెక్క ఎంత మారిందో అదే వేసి చెప్పింది. సిలిండర్ పైభాగంలో లోపలి పట్టీ మీద ఏ, బీ, సీ, డీలలో ఒక అక్షరం, పక్కన రెండంకెలు ఉంటాయి. ఏ అంటే మార్చి ఆఖరు, బీ జూను, సీ సెప్టెంబరు, డీ డిసెంబరు. అంకెలు సంవత్సరం. ఆ సిలిండర్‌ను మళ్లీ పరీక్షకు పంపాల్సిన గడువు అది. సిలిండర్ దించగానే చిన్నవాడు వంగి చూసి గడువు దాటలేదని చెప్పాకే లోపలికి వస్తుంది. ఇంతకన్నా మంచి లెక్కల పీరియడ్ ఏ పుస్తకంలో ఉంది? దోసెల పిండికి ఒకటికి మూడు కొలిచి పోసే పిల్లకు నిష్పత్తులు వేరే చెప్పక్కర్లేదు. బట్టలు మడత పెట్టడం, కూరలు ఏరడం పిల్లల వంతు.

వంటలోనూ పట్టుదలలు తగ్గించుకోవాలి. సోమవారం పప్పు, మంగళవారం పులుసు అని వారానికి ఒక వరస పెట్టుకుంటే, రోజూ ఏం వండాలన్న బెంగ ఉండదు. కందిపొడి, గోంగూర పచ్చడి సీసాల్లో ఉంటే ఒక కూరతో పూట గడిచిపోతుంది.

మరి పదో తరగతి మాటేమిటని బంధువులు అడుగుతారు. ఆ భయంతోనే ఏడేళ్ల పిల్లాడి మీద అన్ని సబ్జెక్టులూ రుద్దుతున్నాం. జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ 14 ఏళ్లు నిండినవాళ్లను పదో తరగతికి చేర్చుకుంటుంది. ఒక భాషతో కలిపి ఐదు సబ్జెక్టులు పాసవ్వాలి. పబ్లిక్ పరీక్షలు ఏడాదికి రెండుసార్లు ఉంటాయి. చేరితే ఐదేళ్లు చెల్లుబాటు. పాసైన సబ్జెక్టు పాసైనట్టే, మిగిలినవి తర్వాత రాసుకోవచ్చు. తెలుగు మాధ్యమమూ ఉంది. ఇంత వెసులుబాటు ముందుండగా ఇప్పటినుంచే హడావుడి దేనికి?

ఇవన్నీ చేసినా తగ్గని బరువు ఒకటుంది. ఇంట్లో ఉంటుంది కాబట్టి ఆమె ఖాళీయేనని అందరూ అనుకోవడం. పక్కింటి కొరియర్ ఆమే తీసుకోవాలి, బ్యాంకు పని ఆమే చూడాలి, పదకొండింటికి వచ్చిన చుట్టానికి కాఫీ ఆమే కలపాలి. పాఠాల వేళ ఫోన్ పక్కన పెట్టేయండి, తలుపు తట్టినవాళ్లను పన్నెండు తర్వాత రమ్మనండి. కోపమొస్తే రానివ్వండి.

చివరిగా నాన్నలకు ఒక మనవి. పిల్లల్ని ఇంట్లో చదివించాలని ఇద్దరూ కలిసే నిర్ణయించారు. లెక్కలో, సైన్సో ఏదైనా ఒక సబ్జెక్టు పూర్తిగా మీరు తీసుకోండి. పుస్తకం వెతకడం, పాఠం చెప్పడం, దిద్దడం అన్నీ మీవే. ఆఫీసునుంచి వచ్చి ‘ఇవాళ ఏం చెప్పావు?’ అని అడగడం దానికి బదులు కాదు.