నుదుటి గీతకి సూదిమందు

పెళ్ళికూతురి తల్లి నుదుట ముడత కనపడకూడదని ఏ శాస్త్రంలో రాశారండీ? పెళ్ళికొడుకు తండ్రికి బట్టతల ఉండొచ్చు, బొజ్జ ఉండొచ్చు, కళ్ళజోడు కింద సంచులు వేలాడొచ్చు. ఆయన్ని "పెద్దమనిషి" అంటారు. ఆవిడ్ని మాత్రం, "అయ్యో వదినా, ఇలా అయిపోయావేం?" అని పరామర్శిస్తారు!

ఈ పరామర్శకి విరుగుడుగా ఇప్పుడు బొటాక్స్ సూది వచ్చింది. ఆ కబుర్లు మా రామతీర్థం దాకా పాకాయి. భీష్మ ఏకాదశికి సీతారాముల కల్యాణం చూడ్డానికి వచ్చిన ఆడవాళ్ళలో ఒకావిడ చెబుతోంది: "మా అమ్మాయి పెళ్ళి మూడ్రోజులుందనగా వేయించుకుంటాను. అరగంట పనేనట. పదేళ్ళు తగ్గిపోతాయట."

ఆ 'ట'ల మీదే నా కోపమంతా. వేయించుకునే వాళ్ళ మీద కాదు సుమా! ఎవరి నుదురు వాళ్ళది, ఎవరి డబ్బు వాళ్ళది. కానీ డబ్బు పుచ్చుకునేవాడు, అమ్మేదేమిటో నోరు విప్పి చెప్పాలా వద్దా? పౌడరు డబ్బా అమ్మినట్టు నవ్వుతూ అమ్మేస్తే ఎలా?

అసలది విషం. చెడిపోయిన ఆహారంలో పెరిగే ఒక సూక్ష్మజీవి పుట్టించే విషం. 1820ల్లో కెర్నర్ అనే జర్మన్ వైద్యుడు, పాడైన మాంసపు సాసేజీలు తిని మనుషులు చచ్చిపోవడం చూసి దీని గురించి రాశాడు. బొట్యులినమ్ అన్న పేరుకి మూలం సాసేజీ అనే అర్థమున్న లాటిన్ మాటే. విషమని హడలిపోనక్కర్లేదు. అతి స్వల్పంగా కొలిచి వాడితే మందే. శాన్‌ఫ్రాన్సిస్కోలో అలన్ స్కాట్ అనే కంటి డాక్టరు మెల్లకన్నుకి దీన్ని ప్రయోగించి చూశాడు. 1989లో అమెరికా ప్రభుత్వం కంటి జబ్బులకి అనుమతిచ్చింది. కెనడాలో జీన్ కరూథర్స్ అనే కంటి వైద్యురాలు రెప్పలు అదిరే జబ్బుకి ఈ సూది వేస్తుంటే, కనుబొమల మధ్య ముడత కూడా పోతోందని బయటపడింది. ఆవిడ భర్త చర్మవైద్యుడు. ఇంకేం, ఇద్దరూ కలిసి 1992లో వ్యాసం ప్రచురించారు. 2002లో ముడతలకీ అమెరికాలో అనుమతి వచ్చింది.

ఇది చేసే పని ఒక్కటే. "బిగుసుకో" అని నరం కండరానికి ఒక రసాయనం ద్వారా కబురు పంపుతుంది. ఈ మందు ఆ కబురుని నరం చివర్లోనే ఆపేస్తుంది. కండరం సడలుతుంది, పైనున్న చర్మం మడత పడదు. అంతే! చర్మాన్ని బిగించదు, గుంటలు పూడ్చదు, ఎండకి వచ్చిన మచ్చలు పోగొట్టదు. చిట్లించినప్పుడు పడే గీత బాగా తగ్గుతుంది. నిద్రలో కూడా చెరగని గీత కాస్త మెత్తబడుతుంది, పూర్తిగా పోదు.

పైగా ఇది వేసిన నిమిషంలో పనిచేసేది కాదు. మూడు నాలుగు రోజులకి మొదలై, పూర్తి ఫలితం కనిపించేసరికి రెండు వారాలు పడుతుంది. అంచేత మూడ్రోజుల ముందు వేయించుకునే తల్లికి పీటల మీద కూర్చునేనాటికి పాత గీతా ఉంటుంది, దానికి తోడు సూది గుచ్చిన చోట కమిలిన మచ్చా ఉండొచ్చు! మూడు నాలుగు నెలలకి మందు బలం తగ్గి గీత మళ్ళీ వస్తుంది. మళ్ళీ సూది, మళ్ళీ ఫీజు. ఇన్సూరెన్స్ ప్రీమియం లాగే అనుకోండి, చివర్లో చేతికొచ్చే బోనస్ మాత్రం ఉండదు.

తలనొప్పి రావొచ్చు. ఒక్కోసారి కంటిరెప్ప వాలిపోతుంది. కొన్ని వారాల్లో అదే సర్దుకుంటుంది గాని, వెంటనే ఎత్తేసే విరుగుడు సూది లేదు. అరుదుగా మందు ప్రభావం పాకి మింగుడు పడకపోవడం, ఊపిరి ఆడకపోవడం జరిగితే ఆసుపత్రికి పరిగెత్తాల్సిందే. గర్భిణులకీ, పాలిచ్చే తల్లులకీ, కండరాలు నీరసించే జబ్బున్నవాళ్ళకీ ఇది వద్దు. 2024లో అమెరికాలో, ఇళ్ళల్లోనూ అలంకరణ కేంద్రాల్లోనూ నకిలీ మందు పొడిపించుకుని కొందరు ఆసుపత్రి పాలయ్యారు. అంత పెద్ద దేశంలోనే అలా ఉంటే, కనుబొమలు దిద్దే పిల్ల సూది పట్టుకుంటే మనం చెయ్యి చాపడమేమిటి?

నన్నడిగితే, ఇల్లాలి భృకుటి చాలా పనికొచ్చే వస్తువు. వంటింటి గుమ్మంలో నిలబడి ఒక్కసారి నుదురు చిట్లిస్తే పిల్లాడు పుస్తకం తీస్తాడు, ఆయన పేపరు మడుస్తారు. దాన్ని నాలుగు నెలల పాటు సెలవు మీద పంపిస్తే, అదే పని నోటితో చెయ్యాలి! మా వైపు ముసలమ్మలు, "నవ్వినోల్లకే ముడతలొస్తాయే గుంటా" అంటారు. నవ్విందీ ఏడ్చిందీ ముఖాన కనపడితే మనకేనా నామోషీ?

అయినా వేయించుకోవాలనే ఉందా, వేయించుకోండి. కానీ ముందు అడగండి. సూది వేసేది చదువుకున్న డాక్టరేనా? ఏ కంపెనీ మందు? సీసా నా ఎదురుగా విప్పుతారా? ఎన్ని యూనిట్లు? కనుబొమల మధ్యకి బొటాక్స్ అయితే మామూలుగా అయిదు చోట్ల కలిపి 20 యూనిట్లు. వేరే కంపెనీ యూనిట్లు దీనితో సమానం కావు. రెప్ప వాలితే ఎవరు చూస్తారు? ఈ ప్రశ్నలకి విసుక్కునే చోట నుంచి, ఫీజు కట్టకముందే లేచి వచ్చెయ్యండి.