స్టాండు కింద ఏముంది?

ఈసారి వడ్డీల గురించి కాదు, ఫొటోల గురించి. బి.కాం. చదివి బ్యాంకులో తలనెరిసినవాడికి ఫొటోలతో ఏం పని అంటారా? పని పడింది.

హిందూపురంలో మా నాన్నగారి ఇల్లు అమ్మేశాం. తాళాలు అప్పగించేలోగా ఇల్లంతా గోళాకారపు ఫొటో తీసిపెడతానన్నాడు మా అన్నయ్య కొడుకు. అంటే కంప్యూటరులో చుట్టూ, పైకీ, కిందికీ తిప్పి చూసుకోవచ్చు. 2022లో గూగుల్‌వారు బెంగళూరు వీధుల్ని మళ్ళీ చూపించడం మొదలుపెట్టారే, అలాంటిదే.

కెమెరాను ముక్కాలి స్టాండు మీద పెట్టి, లెన్సు ఉన్నచోటు కదలకుండా చుట్టూ తిప్పుతూ తీసి, అన్నీ కలిపి కుట్టేస్తారు. చిక్కల్లా కిందనే. నేలకేసి చూస్తే స్టాండు కాళ్ళే! వాటిని తీసెయ్యడానికి మూడు దారులట. ఒకటి, అక్కడో గుండ్రటి బిళ్ళ అంటించడం. రెండు, పక్క నేలను తెచ్చి పూసెయ్యడం. మూడు, స్టాండు తీసేసి, అదే చోటునుంచి నేలను చేత్తో విడిగా తీసి అతకడం.

మా భాషలో చెప్పాలంటే మొదటిది తేడా సొమ్మును సస్పెన్సు ఖాతాలో వెయ్యడం. రెండోది దొంగ ఓచరు. మూడోదే లెక్క సరిచూడటం.

మావాడు రెండోది చేశాడు. "చిన్నాన్నా, చూడండి, స్టాండు జాడే లేదు!" అన్నాడు. నిజమే. నున్నటి బండలు.

"రోలేదిరా?" అన్నాను.

స్టాండు నిలబెట్టింది సరిగ్గా మా అమ్మ కారం దంచిన రోలు మీద. నేలలో పాతిన రాతి రోలు. వాడిని అని ఏం లాభం? మిక్సీలొచ్చాక పుట్టినవాడు, వాడికది ఒట్టి గుంత. కొన్నవారు ఎలాగూ పూడుస్తారు. వారికంటే ముందు మనమే పూడ్చేశామే అని మనసు చివుక్కుమంది.

ఆదివారం మళ్ళీ వెళ్ళాం. దారానికి తాళంచెవి కట్టి, కెమెరా సరిగ్గా రోలు నడుమకు వచ్చేలా చూసుకున్నాం. ఎత్తు టేపుతో కొలిచాం. స్టాండు తీశాక వాడు స్టూలెక్కి, చేతులు చాచి, అదే ఎత్తునుంచి కిందికి తీశాడు. చదును నేలైతే కాస్త అటూఇటూ అయినా కంప్యూటరు సర్దుతుందట. గుంతకు కుదరదు. చోటు మారితే లోపలి గోడ వేరేగా కనిపిస్తుంది. నాలుగోసారికి కుదిరింది.

వచ్చేటప్పుడు లేపాక్షి చూశాం. అందరం పైకప్పు బొమ్మలకేసి మెడలు నొప్పెట్టేలా చూస్తాం. ఆవరణలో నేలరాతిలో పళ్ళేల్లా తొలిచిన గుంటలూ ఉన్నాయి. ఆ రోజు వాటి దగ్గరే ఎక్కువసేపు నిలబడ్డాను.

అతుకు ఒకచోట సన్నగా తెలుస్తోంది. హైదరాబాదులో ఉన్న మా అక్కయ్యకు పంపితే, ఫొటో తెరవగానే మొదట కిందికే తిప్పిందట. అతుకు సంగతి ఆమె అడగలేదు.

పండక్కి ఊరెళ్ళే మీ పిల్లలు ఇలాంటి ఫొటోలు తీస్తే, స్టాండు పెట్టేముందు అక్కడ నేలమీద ఏముందో పెద్దవాళ్ళనొకసారి అడగమనండి.